హోటలు పనివారి దుస్తులు: మన కుట్టుపని
(జూపాడు బంగ్లా ప్రసంగ పాఠము)



కులవృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను, కత్తెర పట్టినవాడను. కావున నా చేతికి తెలిసిన సంగతినే మనవి చేసికొందును. అది హోటళ్లలోను లాడ్జీలలోను పనిచేయువారి యూనిఫారములను గూర్చినది.

మన జూపాడు బంగ్లా కర్నూలునుండి ఆత్మకూరు, దోర్నాలల మీదుగా శ్రీశైలమునకు బోవు బాటపై నున్నది. శివరాత్రి దినములలో ఈ త్రోవలోని హోటళ్లకు తీరిక యుండదు. ఆ పొయ్యిలకడ నిలుచువారికి, విస్తళ్లు వేయువారికి బట్టలు కుట్టుట మనకొక జీవనాధారము. నేడు పట్టణములనుండి రెడీమేడు మూటలు దిగి ఆ పని చేజారుచున్నది. చౌకలో మనము వానితో పోటీపడజాలము, మన్నికలో పడగలము.

ముందుగా నా తప్పు నొప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట ఒక హోటలు యజమాని వంటవారికిని వడ్డించువారికిని ఒకే గుడ్డ కావలెననగా, చౌకయని పూర్తి పాలియెస్టరుతో కుట్టియిచ్చితిని. ఒకనాడు పొయ్యి మంట వంటవాని చొక్కా చేతికి తగిలెను. నూలుబట్టయు మండును గాని, పాలియెస్టరు కరగి చర్మమున కంటుకొనును. ఆ మచ్చ యాతని ముంజేతిపై నేటికిని గలదు. ఆతడు నవ్వుచునే నన్ను పలుకరించును, తలవంచుకొనువాడను నేనే. నాటినుండి వంటింటికి నూలు డ్రిల్లు తప్ప వేరొక గుడ్డ కత్తిరింపలేదు. అదియు ముందు నీటిలో నానవేసి, ఆరిన పిమ్మటనే కత్తెర పెట్టుదును. లేనిచో మొదటి ఉతుకులోనే కురుచయగును.

పెద్ద హోటళ్ల వంటవారు తొడుగు కోటు రొమ్ముపై రెండు పొరలుగా నుండుట సొగసునకు మాత్రమే కాదు. వేడినూనె చిందినచో రెండవ పొర కాచును. పైపొర మరకలైనచో లోపలిదానిని పైకి మార్చి తొడుగవచ్చును. ఈ యుపాయము మన పల్లె హోటలునకును తగినదే.

వడ్డించువారికి పాలియెస్టరు 65 పాళ్లు, నూలు 35 పాళ్లు కలిసిన గుడ్డ బాగు. త్వరగా ఆరును, ముడుతలు తక్కువ. కాని నూనె మరక నది సులభముగా విడువదు. కావున ముదురురంగు మేలు. తెలుపే కావలెనన్నచో నూలు తీసికొనుడు, దానిని ఉడుకబెట్టవచ్చును. 1936లో బొంబాయిలో మొదలై, 1957 మొదలు కార్మిక సహకార సంఘముల చేతికి వచ్చిన కాఫీ హౌసులలో తెల్లదుస్తులు, విసనకఱ్ఱవలె విచ్చుకొన్న తలపాగా ప్రసిద్ధములు. రంగునూలు కొనునపుడు వ్యాటు రంగు వేసినదా యని యడుగుడు. 1901లో జర్మనీలో రెనే బోన్ కనుగొనిన ఇండాంత్రీను నీలము ఈ జాతిలోనిదే; ఈ రంగులు ఉతుకునకు తేలికగా దిగవు.

చొక్కా నడుమ చినుగుట అరుదు. చంకలో, జేబు మూలలలో, కాలరు మడతలో చినుగును. లాగు నడిమి కుట్టు వంగినప్పుడు విడిపోవును. ఈ తావులందు జోడుకుట్టు, జేబు మూలల అడ్డకుట్టు వేయుటకు పట్టు సమయము కొద్దిపాటి. ప్రక్కకుట్టులో అంగుళము గుడ్డ మిగిల్చినచో ఒకని చొక్కా మరియొకనికి సరిచేయవచ్చును. లాడ్జీ గదులు తుడుచు స్త్రీలకు తాళపుచెవులు పట్టు లోతైన జేబు కావలెను; ఏ యజమానియు దానిని తనంతట నడుగుట నేను వినలేదు.

ధర సంగతి. నాలుగువందల రూపాయల చొక్కా 80 ఉతుకులకు పోయెననుకొందము. ఉతుకునకు అయిదు రూపాయలు పడెను. ఆరువందల చొక్కా 200 ఉతుకులు నిలిచినచో మూడే రూపాయలు. ఈ లెక్కను కాగితముపై వేసి యజమానికి చూపుడు, నోటిమాట నమ్మరు. మనిషికి మూడు జతలుండవలెను: ఒకటి ఒంటిపై, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుచు. ఒకే జతను రాత్రి తడిపి తెల్లవారి తడితోనే తొడుగువారిని నేను చూచితిని.

పోషకులైన హోటలు యజమానులు కొందరీ సభలో నున్నారు. యూనిఫారము ఖరీదును పనివాని జీతములో కోయవలదని వారిని వేడుచున్నాను. అది ఆతని ముచ్చటకు తొడిగినది కాదు, మీ హోటలునకై తొడిగినది. కోత గలచోట పనివాడు మిక్కిలి చౌకదానినే కోరును. మన్నికగా కుట్టిన మనకును పని దొరకదు.

నేను కుట్టితెచ్చిన మూడు చొక్కాలు వేదిక ప్రక్క బల్లపై నున్నవి. ఒకటి రెండేండ్లు వంటింట వాడినది. లోపలివైపు త్రిప్పి కుట్లు లాగి చూడుడు. ఎక్కడ విడిపోయినదో నాతో చెప్పుడు.