ఫ్రాన్స్‌లో ముందు బోంజూర్, తర్వాతే బేరం

మాది నందిగాం, ఇప్పుడు ఉంటున్నది ఫ్రాన్స్‌లోని లియోన్.

పలాసలో కొట్టుకెళ్తే "జీడిపప్పు కేజీ ఎంత?" అనే మొదలెడతాం కదా. ఇక్కడ బేకరీలో అలా మొదలెడితే మొహం ముడుచుకుంటారు. ముందు "బోంజూర్" అనాలి. బస్సు ఎక్కినా, లిఫ్ట్ ఎక్కినా అదే మాట.

ఆ తర్వాత బగెట్ అడగండి. కర్రలా పొడుగ్గా ఉండే బ్రెడ్డు అది. దాని తయారీని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటికి చేరేలోపే కొస విరిచి తినేయడం ఇక్కడ మామూలే!

లెక్కలు ఇంకో కామెడీ. తొంభై తొమ్మిదిని "నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది" అంటారు. ఫోన్ నంబరేమో జతలు జతలుగా చెప్తారు. "అరవై" అని వినగానే ఆరు రాసేస్తాం, వెంటనే "పది" అంటారు. అంటే డెబ్భై! కొట్టేసి మళ్ళీ రాయాలి.

మనవైపు నుంచి చదువుకోడానికి వచ్చే కొందరు "వీళ్ళకి పొగరు" అనుకుని రూమ్‌కే అతుక్కుపోతారు. పొగరు కాదు బాబూ! మన ఊళ్ళో రచ్చబండ మీద పెద్దోళ్ళని పలకరించకుండా పోతే "ఎవరి కుర్రోడ్రా వీడు" అనరూ? ఇక్కడా అంతే. ఫ్రెంచ్ రాకపోయినా పర్లేదు, ఆ ఒక్క మాటతో మొదలెట్టండి. రెండో వారానికి బేకరీ ఆవిడే మిమ్మల్ని ముందు పలకరిస్తుంది.