దుకాణం బోర్డుకు ఏ అక్షరం?



దుకాణం పెట్టేవాళ్ళు అద్దె చూసుకుంటారు, అడ్వాన్సు చూసుకుంటారు, ర్యాకులు, సరుకు, ముహూర్తం అన్నీ చూసుకుంటారు. పూజ ఇంకా రెండు రోజులుందనగా బోర్డు సంగతి గుర్తుకొస్తుంది. ఫ్లెక్సు దుకాణానికి పరుగెత్తి, కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడితో, "ఏదో ఒకటి మంచిది పెట్టు తమ్మీ" అంటారు. అతను నాలుగు రకాల అక్షరాలు చూపిస్తాడు. యజమానికి ఒకటి నచ్చుతుంది, ఇల్లాలికి ఇంకొకటి, బామ్మర్దికి మూడోది. చివరకు ఎవరికీ అంతగా నచ్చని నాలుగోది అచ్చవుతుంది. ఆ బోర్డు ఐదారేళ్ళు మన తలుపు మీద ఉంటుంది.

బోర్డు చేయించుకునేవాళ్ళకూ, చేసిపెట్టేవాళ్ళకూ పనికొచ్చే నాలుగు మాటలు ఈ రోజు చెప్పుకుందాం. నేను బడిపంతులును. తెలుగు, మరాఠీ రెండూ వచ్చినవాణ్ణి కాబట్టి, "సార్, గిది మంచిగున్నదా, జెర చూడుండ్రి" అని కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు నాకు కొత్త కాదు.

మా పద్మాపూర్ బొగ్గు గనితో పేరుపడ్డ ఊరు. చంద్రపూర్ నుంచి మొహర్లీ మీదుగా తాడోబా అడవికి వెళ్ళే దారిలో ఉంటుంది. ఈ జిల్లా గనుల్లోకి, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోకి పనికోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. అటు రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఇంకా కిందికి ప్రాణహిత ఒడ్డున సిరోంచాలో తెలుగు సంతలోనూ ఇంట్లోనూ వినిపించే భాష. అందుకే మన వైపు బోర్డు అంటే ఒక భాష కాదు. మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే రేకు మీద సర్దుకోవాలి.

మొదట చట్టం మాట. మహారాష్ట్రలో దుకాణాలు, సంస్థల చట్టం 2017లో వచ్చింది. 2022లో దాన్ని సవరించారు. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చిన్న దుకాణమైనా సరే, బోర్డు మీద దేవనాగరి లిపిలో మరాఠీ ముందు ఉండాలి. మిగతా భాషల అక్షరాల కంటే అది చిన్నదిగా ఉండకూడదు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముంబయి వర్తకులకు రెండు నెలల గడువిచ్చి, ఈ నియమం పాటించమని చెప్పింది. దీన్ని కొందరు "ఇక తెలుగు రాయకూడదట" అని అర్థం చేసుకున్నారు. అది సరికాదు. మరాఠీని ముందు పెట్టి, దానికి తగ్గని సైజు ఇచ్చాక, దాని పక్కనో కిందనో తెలుగు రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అడ్డు వస్తున్నది మన అశ్రద్ధే. మరాఠీ, ఇంగ్లీషు పెద్దగా వేయించి, మిగిలిన రెండంగుళాల్లో తెలుగును ఇరికిస్తున్నాం.

ఇరికిస్తే ఏమవుతుంది? మా వైపు కాలనీలో ఒక పెద్దామె ఉంది. ఆమెకు వచ్చిన చదువు తెలుగు చదువు ఒక్కటే. మందుల దుకాణం ముందునుంచే రెండుసార్లు పోయి, తరువాత ఎవరినో అడిగి వచ్చింది. "బోర్డు మీద తెలుగు రాసిన్రు కదా అవ్వా" అంటే, "రాసిన్రు బిడ్డా, గని కానరాదు" అన్నది. రాయడం వేరు, కనబడడం వేరు. అక్షరం ఎంచుకోవడమంటే ఈ తేడా తెలుసుకోవడమే.

ఫాంటు పేరు అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చదువుతారు? ఎంత దూరం నుంచి చదువుతారు? ఆగి చదువుతారా, పోతూ పోతూ చదువుతారా? పెళ్ళి శుభలేఖను చేతిలో పట్టుకుని తీరిగ్గా చదువుతారు. లారీలు తిరిగే రోడ్డు మీది బోర్డును మోటారు సైకిలు మీద పోతూ చూస్తారు. రెండింటికీ ఒకే అక్షరం పనికిరాదు.

దూరానికి బోర్డు రాసేవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలకు వేసిన లెక్క. మన తెలుగు అక్షరంలో సున్నలు, సుడులు, తలకట్లు ఎక్కువ. అందుకని ఒకటిన్నర అంగుళం లెక్క వేసుకుంటే మంచిది. రోడ్డు అవతలి పక్క అరవై అడుగుల దూరం ఉంటే తొమ్మిది అంగుళాలు. మూడడుగుల ఎత్తు బోర్డు అంటే ముప్ఫై ఆరు అంగుళాలు. మరాఠీకి పది, తెలుగుకు తొమ్మిది, ఇంగ్లీషుకు ఐదు ఇవ్వండి. ఇరవై నాలుగు అయింది. మిగిలిన పన్నెండు అంగుళాలు మాత్రలకూ, ఒత్తులకూ, వరుసల మధ్య సందుకూ సరిపోతాయి. నాలుగు ఫోటోలు, రెండు కలశాలు పెడితే మాత్రం ఈ లెక్క కుదరదు. బోర్డు మీద ఉండాల్సింది పేరు, అమ్మే వస్తువు. మిగతావి లోపల గోడకు పెట్టుకోవచ్చు.

ఇక అక్షరాల స్వభావం చూడండి. దేవనాగరి పై గీతకు వేలాడినట్టు ఉంటుంది. ఇంగ్లీషు నిలబడి ఉంటుంది. తెలుగు గుండ్రంగా కూర్చుని, ఒత్తులను కిందికి దింపుతుంది. "లక్ష్మీ వస్త్రాలయం" అని రాసి చూడండి. "క్ష్మీ"లో క కింద ష, మ రెండూ రావాలి. "స్త్రా"లో స కింద త, దానితో ర రావాలి. ఇంగ్లీషు పేరుకు చాలినంత ఎత్తులోనే తెలుగు పేరును కుదించాలంటే, ఒత్తులకు చోటివ్వడానికి అసలు అక్షరం చిక్కిపోతుంది. లేదా ఒత్తు తోకలు చట్రం కింద తెగిపోతాయి. అందుకని మూడు భాషలకూ కంప్యూటరులో ఒకే అంకె వేస్తే సమానమైనట్టు కాదు. ఒత్తు లేని అక్షరం, అంటే "ల" గాని "న" గాని, ఎంత ఎత్తుందో స్కేలు పెట్టి కొలవండి. సమానమో కాదో అది చెబుతుంది.

మరీ సన్నని అక్షరం దూరానికి పనికిరాదు. మా వైపు బొగ్గు దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. ఆరు నెలలకు తెల్ల రంగు బూడిద రంగవుతుంది, సన్న గీతలు మాయమవుతాయి. అలాగని మరీ లావైనదీ వద్దు. లావు అక్షరంలో "ప" తలకట్టుకూ కింది భాగానికీ మధ్య సందు పూడుకుపోతే, అది పనో వనో తెలియదు. "థ"లో చుక్క పూడితే "ధ" అవుతుంది. "కి"కీ "కీ"కీ ఉన్న తేడా ఒక చిన్న మెలికే. ఆ మెలిక కనిపించే అక్షరాన్నే ఎంచుకోవాలి. రైల్వే స్టేషను బోర్డు గుర్తు తెచ్చుకోండి. బల్లార్‌షా దాటి కాజీపేట వైపు పోతుంటే సిర్పూర్ కాగజ్‌నగర్‌లో పసుపు రేకు మీద నల్లటి అక్షరాలుంటాయి. అందులో అలంకారమేమీ లేదు. అయినా కదిలే బండిలోంచి చదవగలం.

అలంకారానికీ చోటుంది. బాపు గారి చేతిరాత చూడని తెలుగువాడుండడు. ఆ తీరు అక్షరాలు శుభలేఖకు, మిఠాయి దుకాణానికి, చీరల దుకాణానికి ముచ్చటగా ఉంటాయి. ఆస్పత్రిలో "అత్యవసర విభాగం" అన్న బోర్డుకు పెడితే సరిపడవు. సినిమా పోస్టర్లు రాసిన ఈశ్వర్ గారి వంటి కళాకారులు ఒక్కొక్క సినిమా కథను బట్టి అక్షరాన్ని రూపుదిద్దారు. ఆ అక్షరం ఆ కథది. దాన్ని తెచ్చి ఎరువుల దుకాణానికి పెడితే చొక్కా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు పేర్లు చెబుతాను, రాసుకోండి. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా వచ్చిన తెలుగు ఫాంట్లలో "మండలి" పుస్తకం పేజీకి, కరపత్రానికి బాగుంటుంది. "రామభద్ర" లావుగా ఉండి శీర్షికకు, బోర్డుకు నప్పుతుంది. మూడు లిపులూ ఒకే ఇంటి పిల్లల్లా కనబడాలంటే ముంబయిలోని ఏక్ టైప్ వారు చేసిన "అనేక్" చూడండి. అందులో దేవనాగరి, తెలుగు, ఇంగ్లీషు ఒకే కుటుంబం. సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా దొరుకుతుంది. వాళ్ళదే "బాలూ" అనే బొద్దు అక్షరం ఉంది, దాని తెలుగు రూపం పేరు "బాలూ తమ్ముడు". పిల్లల బట్టలకు, ఐస్‌క్రీము బండికి సరదాగా ఉంటుంది. ఇవన్నీ వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఫ్లెక్సు దుకాణాల్లో అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లు ఇంకా ఉన్నాయి. మీరు ఫోనులో పంపిన యూనికోడు తెలుగును నేరుగా వాటిలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కొన్ని పాత సాఫ్టువేర్లలో ఒత్తు విడిపోయి "శ్రీ" కాస్తా "శ్‌రీ" అవుతుంది. తెలుగు రాని కుర్రవాడికి ఆ తప్పు తెలియదు. అతన్ని అని లాభం లేదు. అచ్చుకు ముందు తెలుగు చదవగలిగినవాళ్ళు ఒకరు కాగితం మీద అక్షరం అక్షరం చూసి సంతకం పెట్టాలి.

మరి ఇంట్లో తగవు తేలేదెట్లా? బోర్డు చేసే తమ్ముళ్ళకు నా సలహా ఇది. పన్నెండు రకాలు చూపించకండి, మూడే చూపించండి. ఫోనులో చూపించకండి. దుకాణం పేరులో కష్టమైన ఒక్క మాటను అసలు సైజులో మూడు కాగితాల మీద తీసి, గోడకు అంటించండి. అందరినీ రోడ్డు అవతలికి తీసుకుపోండి. పగలొకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూడండి. "నచ్చిందా?" అని అడగకండి. నచ్చడానికి అంతుండదు. దారిన పోయే ఒక పెద్దామెను, ఒక బడిపిల్లను పిలిచి, "అక్కడ ఏమి రాసి ఉంది, చదవండి" అని అడగండి. తడుముకోకుండా చదివిన అక్షరమే గెలిచింది. రెండు గెలిస్తే అప్పుడు యజమాని ఇష్టం. చివరిమాట చెప్పేది ఒక్కరే అని ముందే అనుకోండి. బామ్మర్దికి టీ ఇప్పించండి, చాలు.

మన వైపు తెలుగు పిల్లల్లో చాలామంది మరాఠీ, హిందీ, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు పుస్తకం చేత పట్టరు. వాళ్ళకు రోజూ కనబడే తెలుగు అక్షరం బజారులోనిదే. అక్కడ "ప" పలా ఉంటే వాళ్ళు అలాగే నేర్చుకుంటారు. నలిగి, విరిగి, మూలన ఇరుక్కుని ఉంటే, తమ భాష చోటు అంతేననుకుంటారు. తెలుగును మరాఠీకి పోటీ పెట్టమని నేను అనడం లేదు. అన్నం పెట్టిన నేల భాష ముందుండడం న్యాయం. దాని పక్కన మన అక్షరం కూడా కాళ్ళు చాపుకుని, సుఖంగా కూర్చోవాలి.

రేపు పొద్దున దుకాణం తెరిచేటప్పుడు ఒక్క నిమిషం రోడ్డు దాటి, అవతల నిలబడి మీ బోర్డును మీరే చదివి చూడండి.