కీమో ఎక్కించి ఇంటికి పంపాక

కేన్సర్ అనగానే మన మాటలు ఆస్పత్రి కట్టడాల చుట్టూ తిరుగుతాయి. మూడు వారాలకొకసారి కీమో ఎక్కించుకునే మనిషి ఆస్పత్రిలో గడిపేది ఒకటో రెండో రోజులు. తక్కినవన్నీ కోసిగిలోనో, ఆలూరులోనో, జమ్మలమడుగు పక్క పల్లెలోనో సొంత ఇంట్లోనే. వాంతులు, నోటిపూత, విరేచనాలు, జ్వరం పట్టుకునేది అక్కడే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును తలకెత్తుకుంది; కర్నూలులో స్టేట్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఇవి చిన్న మేళ్ళు కావు. అయితే ఆదోని అవతలి పల్లెలో రాత్రి పదింటికి రోగి ఒళ్ళు కాలిపోతుంటే, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రికి బయల్దేరాలా, తెల్లవారేదాకా ఆగాలా అన్నది చెప్పే నాథుడు లేడు.

ఈ లోటు తీర్చడానికి వైద్య నిర్ణయాల్లో సాయపడే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో మాయేమీ లేదు. రోగి తన బాధను సున్నా నుంచి పది దాకా ఒక అంకెలో చెబుతాడు. యంత్రం ఆ అంకెనూ, కీమో తేదీనీ, వాడుతున్న మందులనూ కలిపి చూసి, నిపుణులు ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం ఆరోగ్య సిబ్బందికి తర్వాత ఏం చేయాలో సూచిస్తుంది. కీమో అయిన పదో రోజున 101 డిగ్రీల జ్వరమంటే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉండవచ్చు. పారాసెటమాల్‌తో సరిపెట్టకుండా ఆ రాత్రే పంపమంటుంది. నొప్పికి మార్ఫిన్ మొదలుపెట్టిన రోగికి మలబద్ధకం మందు ఎందుకు రాయలేదని నిలదీస్తుంది.

ఇది పనిచేస్తుందా? అమెరికాలో క్యాథీ మూనీ బృందం చేసిన రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2014లో ప్రచురించిన దానిలో రోగులు రోజూ ఫోన్‌లో బాధలు చెప్పారు, ఆ సమాచారం డాక్టర్లకు చేరింది. డాక్టర్లు తిరిగి పలకరించింది చాలా తక్కువ. రోగుల బాధా తగ్గలేదు. 2017 నాటి దానిలో అదే తరహా ఫోన్ కాల్, కాకపోతే హెచ్చరిక అందుకుని, సాఫ్ట్‌వేర్ చూపిన నియమాల ప్రకారం రోగికి ఫోన్ చేసే నర్సులు ఉన్నారు. బాధల తీవ్రత 43 శాతం తక్కువగా తేలింది. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడింది. యంత్రం ఎంత తెలివైనదన్నది తర్వాతి సంగతి, హెచ్చరిక అందుకుని కదిలే మనిషి ఉన్నాడా అన్నది ముందు చూడాలి.

ఇలా రోగి బాధలను ఎప్పటికప్పుడు కనిపెట్టడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా అని అడిగేవారున్నారు. 2017లో ఈథన్ బాష్ బృందం 766 మందిలో పెరిగిందని చూపింది. తర్వాత అదే పరిశోధకుడు మరింత పెద్ద అధ్యయనం చేస్తే ఆ తేడా కనపడలేదు, బాధలు తగ్గడం మాత్రం కనపడింది. నాకు అదే చాలు. మన జనానికి స్మార్ట్‌ఫోన్లెక్కడివి అన్నది మరో అభ్యంతరం. మూనీ వాడింది మామూలు ఫోన్ కాలే. మిరప కోతలకు గుంటూరు వలస వెళ్ళిన కుటుంబాన్ని ఆస్పత్రి కార్డు వెతికి పట్టుకోలేదు, ఫోన్ కాల్ పట్టుకుంటుంది. ఫోన్ భర్త జేబులో ఉండే ఇళ్ళలో ఆశా కార్యకర్తే ఇంటికి వెళ్ళి అడగాలి. అంకెలు కుదరని ముసలమ్మను నొప్పి రూపాయిలో పావలా వంతా, ముప్పావలా వంతా అని అడిగితే చెబుతుంది. పరాయి దేశపు నియమాలు మనకెలా సరిపోతాయన్న ప్రశ్నే అన్నిటికన్నా గట్టిది. అవి ఉన్నవున్నట్టు సరిపోవు. మే నెల కర్నూలు ఎండలో విరేచనాలైన మనిషి ఒంట్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. ఎప్పుడు ఆస్పత్రికి పంపాలన్న హద్దును ఇక్కడి డాక్టర్లు కూర్చుని మార్చి రాయాలి.

ఇక మార్ఫిన్. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల బిగుసుకున్న సరఫరాను 2014 సవరణ సడలించింది. అయినా ఊరి దగ్గరి ఆస్పత్రిలో ఆ మాత్ర లేకపోతే, ఇవ్వమని తెర మీద ఎంత మెరిసినా ఉపయోగం సున్నా. కాబట్టి కర్నూలు, కడప జిల్లాల ఆరోగ్యాధికారులకు నా విన్నపం ఇది: సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచే ముందు రెండు చోట్లా రాత్రిపూట ఫోనెత్తే నర్సుల పోస్టులు మంజూరు చేయండి, ఏరియా ఆస్పత్రుల్లో మార్ఫిన్ నిల్వ ఉంచండి.