నాన్నగారి అంబాసిడర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాన్నగారు పోయాక ఆయన అంబాసిడర్‌ని పాత ఇనుముకి అమ్మేయమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. 1489 సీసీ ఇంజను దించి, 1817 సీసీ ఇసుజు ఇంజను, దాని ఐదు గేర్ల బాక్సుతో సహా, మా పెరట్లోనే ఎక్కించాను. మౌంటింగులు కొత్తగా చేయించి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయించి, ఆర్‌సీలో ఇంజను మార్పు రాయించేసరికి రెండేళ్లు పట్టింది.

తొలి ప్రయాణానికి మన సైన్సు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రాజమండ్రిలో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. పైన మేము, మా కింద రైలు, దాని కింద గోదారి. బండి హాయిగా సాగింది. కొవ్వూరులో దిగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వచ్చింది. నా గుండె జారిపోయింది.

"ఏరా, నీళ్లు పోసినప్పుడు లోపలి గాలి బయటికి పంపావా?" అన్నారు మాస్టారు.

పంపలేదు! చెట్టు నీడన గంటసేపు చల్లారనిచ్చి, రేడియేటర్ మూత తీసి, నీళ్లు నింపి, స్టార్టు చేశాం. బుడబుడమని గాలి పోయింది. వెలితి పడ్డ నీళ్లు మళ్లీ పోసి మూత బిగించాం. తిరిగి వంతెన దాటినా ముల్లు సగం దాటలేదు.

పదో తరగతి సైన్సులో నావి అత్తెసరు మార్కులే. ఇంటి దగ్గర దిగుతూ మాస్టారు, "ఇప్పుడు పాసయ్యావురా" అన్నారు. ఆయన ఇక్కడే, ముందు వరసలో ఉన్నారు. బండి బయట ఉంది. సభ అయ్యాక ఆయన్ని ఇంటి దగ్గర దింపేది నేనే.

సెలవు.