వెంట్రుకలు తినే పిల్ల



మన్ను తినే పిల్లలు అందరికీ తెలుసు. వెంట్రుకలు తినే పిల్లలు కూడా ఉంటారు. హైదరాబాదు ఉస్మానియా దవాఖానలో 17 ఏండ్ల అమ్మాయికి ఆపరేషన్ చేసిండ్రు. కడుపులోంచి దాదాపు 2 కిలోల వెంట్రుకల ఉండ తీసిండ్రు.

వెంట్రుక అరగదు. కడుపులోనే చిక్కుపడి ఉండ కడుతుంది. ఉండ పెరిగితే అన్నం పోయే దారి మూసుకుపోతుంది.

పిల్ల తలలో అక్కడక్కడ జుట్టు పలచబడిందా? అన్నం సయిస్తలేదా? కడుపునొప్పి, వాంతులు ఉన్నాయా? కడుపులో గడ్డ చేతికి తగులుతుందా? దిష్టి అనుకోవద్దు. కొట్టవద్దు. మనసులో దిగులున్నా, ఒంట్లో రక్తం తక్కువైనా ఈ అలవాటు రావచ్చు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ - ఏది దగ్గరైతే అక్కడి సర్కారు దవాఖానకు తీసుకుపోండి. సిగ్గుపడి దాచవద్దు. "మా పిల్ల వెంట్రుకలు తింటుంది" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు తొందరగా తెలుస్తుంది.