బడికి రాని బిడ్డ: బాధ్యత ఎవరిది?



ఉపాధ్యాయుడు హాజరుపట్టీ విప్పి పేరు పిలిచినపుడు బదులు రానిచో, ఆ గడిలో గైర్హాజరు గుర్తు పడును. ఆ గుర్తు ఎవరి లోపమును తెలుపుచున్నది? బిడ్డదా, తల్లిదండ్రులదా, ప్రభుత్వముదా? నిర్బంధవిద్యా శాసనముల చరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు 1893లో అమ్రేలీ ప్రాంతమునను, 1906లో సంస్థానమంతటను ప్రాథమికవిద్యను నిర్బంధము గావించెను. బిడ్డను బడికి పంపని తండ్రికి జరిమానా విధించుట నాటి పద్ధతి. ఉద్దేశము ఉత్తమమే. కాని బిడ్డ కూలి లేనిదే పూట గడవని యింటికి జరిమానా విధించినచో, దానిని తీర్చుటకై ఆ బిడ్డయే మరల కూలికి పోవలసివచ్చును గదా!

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునాలుగేండ్ల లోపు బాలబాలికలందరికిని పదేండ్లలో ఉచిత నిర్బంధవిద్య నందింప యత్నింపవలెనని ఆదేశించెను. ఆ గడువు 1960లో ముగిసెను. ఆశయము మాత్రము నెరవేరలేదు. 1993లో ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించెను. 2002లో రాజ్యాంగ సవరణ జరిగెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఈ చట్టములో 'నిర్బంధము' అను మాటకు అర్థమే మారినది. బిడ్డను చేర్చుకొనుట, హాజరు కనిపెట్టుట, ఎనిమిదవ తరగతి వరకు చదువు పూర్తిచేయించుట ప్రభుత్వపు విధి. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల కర్తవ్యమే. అయినను వారికి జరిమానా లేదు. తన పరిధిలోని పిల్లల వివరములను నమోదు చేయవలసినది స్థానిక సంస్థ.

ఈ విధి నేలమీద ఎట్లుండునో తెలియవలెనన్నచో, హైదరాబాదు-శ్రీశైలము మార్గముననున్న తుక్కుగూడను తలచుకొనుడు. నిన్నమొన్నటి పల్లె తరువాత పురపాలక సంఘమైనది. చెంతనే బాహ్యవలయ రహదారి సాగుచున్నది. ఇట్టి నగర శివార్లలోని కట్టడపు పనులకును, ఇటుక బట్టీలకును దూరప్రాంతముల నుండి కుటుంబములు వలస వచ్చుచుండును. వారి బిడ్డల పేర్లు ఏ పట్టీలోను లేకపోవచ్చును. పేరే లేనివానికి గైర్హాజరు గుర్తు సైతము పడదు. వలస కుటుంబముల బిడ్డలను చేర్చుకొనవలెననియు, బదిలీపత్రము గాని వయోనిర్ధారణ పత్రము గాని లేదని త్రోసిపుచ్చరాదనియు చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

చట్టము రాకమునుపే ఈ జిల్లా ఒక దారి చూపినది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన సంస్థ, శ్రీమతి శాంతా సిన్హాగారి నాయకత్వమున, 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిపిల్లలను బడికి మరల్చెను. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యనునది వారి సూత్రము. వయసు మీరిన పిల్లలకు శిబిరములలో చదువు నేర్పి, ఈడుకు తగిన తరగతిలో చేర్పించిరి. తల్లిదండ్రులకును, యజమానులకును నచ్చజెప్పిరి. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను.

ఆకలియు గైర్హాజరుకు ఒక కారణమే. మధ్యాహ్న భోజనము వడ్డింపవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2023 అక్టోబరు 6న తెలంగాణ ప్రభుత్వము బడిపిల్లలకు ఉదయపు అల్పాహార పథకమును తుక్కుగూడ చెంతనున్న రావిర్యాలలో ప్రారంభించెను. జరిమానా చేయలేని పనిని పిడికెడు అన్నము చేయగలదు.

ఇక మన యిండ్ల మాట. ఇంటిపనికి పదునాలుగేండ్ల లోపు వారిని పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి నిషిద్ధము. 2016 సవరణ ననుసరించి అట్టి యజమానికి ఆరునెలల నుండి రెండేండ్ల వరకు జైలుగాని, ఇరువదివేల నుండి ఏబదివేల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. తల్లిదండ్రులకు మాత్రము తొలి తప్పునకు శిక్ష లేదు. చట్టపు చూపు ఎటు మరలినదో గమనింపుడు.

మీ వీధిలో బడివేళ అంట్లు తోముచున్న బాలిక కనబడినచో, "ఏ తరగతి చదువుచున్నావమ్మా?" అని యడుగుడు. జవాబు రానిచో సమీప పాఠశాల ప్రధానోపాధ్యాయునకైనను, 1098 ఫోనునకైనను తెలియజేయుడు. ఆ గడిలోని గుర్తును మార్చుట మన చేతిలో కూడ నున్నది.