ఇంటి మూగజీవికొక పద్దు

(హోసూరు తెలుగు కుటుంబముల సమావేశమున ఒక వర్తక సోదరుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చుండినవాడను. కావున నాకు తెలిసిన లెక్కల భాషలోనే నాలుగు మాటలు మనవి చేసెదను.

మన పట్టణమునకు చేరువ మత్తిగిరిలో 1824లో స్థాపితమైన పశుక్షేత్రము నేటికిని గలదు. ఆవునకు గాలికుంటు వచ్చినచో ఎవరిని పిలువవలెనో మన పెద్దలెఱుగుదురు. ఇప్పుడు కొట్టములు పోయి మేడలు వెలసినవి. ఆవు స్థానమున కుక్కయో పిల్లియో వచ్చినది. దానిని ముద్దుచేయుట తెలిసినది గాని, దాని వైద్యమునకు ముందుచూపు మనకింకను అలవడలేదు.

ఇది పరుల తప్పుగా చెప్పుట లేదు. రెండేండ్ల క్రిందట మా యింటికొక కుక్కపిల్లను తెచ్చితిమి. టీకా మాట వచ్చినపుడు "వచ్చే నెల చూతము" అని నేనే వాయిదా వేసితిని. తెచ్చిన మూడవ నెలలో అది వాంతులతో, రక్తవిరేచనములతో పడిపోయినది. రాత్రి పది గంటలకు వైద్యుడెక్కడ దొరకునో మాలో నొక్కరికిని తెలియదు. ఎవరో పిలిచిన మనిషి వచ్చి, సూదివేసి, సొమ్ము పుచ్చుకొని పోయెను. అతడు నమోదైన వైద్యుడు కాడని తరువాత తెలిసినది. మఱునాటి మధ్యాహ్నమునకు గాని వైద్యశాల చేరలేదు. అది పార్వో వ్యాధి యనియు, టీకాతో నివారింపదగినదనియు వైద్యురాలు చెప్పిరి. రెండు దినములు సెలైను ఎక్కించినను పిల్ల దక్కలేదు. మా చిన్నమ్మాయి నెలదినములు నాతో సరిగా మాటాడలేదు. టీకాకు వెనుదీసిన సొమ్మునకు అనేక రెట్లు వ్యయమైనది. ఆ పద్దు నేటికిని నా చిట్టాలో నున్నది.

కావున జంతువును తెచ్చుటకు ముందే వైద్యుని వెదకుడు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము నమోదైనవారే పశువైద్యమునకు అర్హులు. నమోదు సంఖ్య అడుగుట అమర్యాద కాదు. ప్రభుత్వ పశువైద్యశాల వేళలను, రాత్రివేళ పిలిచిన పలుకు వైద్యుని ఫోను సంఖ్యను గోడపై వ్రాసి యుంచుడు. సంచార పశువైద్య శకటములకై 1962 అను ఉచిత సంఖ్య గలదు. అయితే అవి ముఖ్యముగా పాడిపశువులకై ఏర్పడినవి.

మఱియొక మాట. మనము గాలికుంటు అందుము. తమిళులు కోమారి యందురు. కన్నడిగులు కాలుబాయి జ్వరమందురు. కుక్క జబ్బులకును ఇదే చిక్కు. కావున పేరుతో పనిలేదు. ఎప్పటినుండి తినలేదు, ఎన్నిమారులు వాంతియైనది, ఏ టీకా ఎన్నడు వేయించితిమి అను మూడు సంగతులు చీటిపై వ్రాసికొని పోవుడు.

ఇక వ్యయము. తెలిసిన ఖర్చు ఒకటి, తెలియని ఖర్చు ఒకటి. కుక్కపిల్లకు 6 మొదలు 8 వారముల వయస్సున తొలి టీకా, 16 వారములు నిండువఱకు కొన్ని వారములకొకమారు మఱల టీకా, మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా, ఆపై ఏటేట, నడుమ నులిపురుగుల మందు. ఇవి తెలిసినవి. వైద్యుని అడిగి మొత్తము కట్టి పండ్రెండింట భాగించుడు. రోగము, గాయము, శస్త్రచికిత్స తెలియనివి. వానికై నెలకు 300 రూపాయలు వేఱుగా దాచినను ఏడాదికి 3,600 అగును. పొదుపు పేర మన మాత్రలు పెట్టకుడు. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ పిల్లికి విషము.

పిచ్చికుక్క వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప మనుష్యుడును బ్రతుకుట బహు అరుదు. కావున ఆ టీకా మన బిడ్డలకును రక్షణయే. కుక్క కఱచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నోరులేని ప్రాణి బాకీ అడుగజాలదు. అడుగని బాకీని గడువులోపల తీర్చుటయే మన వర్తకుల మర్యాద. మీకు తెలిసిన పశువైద్యుల పేర్లు, వేళలు వ్రాసి సంఘమునకు పంపుడు. పట్టిక కూర్చి ఇంటింటికి అందజేయుదము. మా యింట జరిగినది మీ యింట జరుగకుండుగాక.

సెలవు.